వాచ్‌మన్ మాయం, వెల్డర్ మాయం

"ఈ లోకంలో నేరస్తులు రెండే రకాలు," అన్నారు బావగారు కుర్చీలోంచి సగం లేచి. "నాకు దొరికినవాళ్ళు, నాకు దొరకబోతున్నవాళ్ళు. మూడో రకం ఇంకా పుట్టలేదు. పుడితే ఆ కబురు ముందు నాకే వస్తుంది."

సగమే లేవడానికి కారణం ఉంది. చొక్కా అంచు కుర్చీ మేకుకి తగులుకుంది. ఆయన దాన్ని గుర్తించలేదు. గాంభీర్యం కోసం ఆగినట్టు అలాగే వంగి నిలబడ్డారు.

మరదలు కంప్యూటరు మీద నుంచి తల ఎత్తలేదు. అక్క పెళ్ళయిన పద్నాలుగేళ్ళ నుంచీ ఈ ప్రకటన వింటోంది. మొదట్లో నవ్వు వచ్చేది. తరవాత కోపం వచ్చేది. ఇప్పుడు ఏదీ రావడం లేదు.

"చొక్కా చిరుగుతుంది, చూసుకోండి," అంది.

యూనిఫాంలు కుట్టే ఆ వర్క్‌షాపులో బావగారు టైంకీపరు. ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి వెళ్ళారో రాసుకోవడం ఆయన పని. పన్నెండేళ్ళు గేటు పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూసీ చూసీ, ఏ మొహాన్నీ నమ్మకూడదన్న నిర్ణయానికి వచ్చారు. అద్దంలో కనిపించే మొహానికి ఒక్కదానికే మినహాయింపు. వర్క్‌షాపంతా ఆయన్ని 'సీఐడీ గారు' అంటుంది. అది వెక్కిరింపని ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

ఇంతవరకూ ఆయన ఛేదించిన కేసులు రెండు. మొదటిది గొడుగు కేసు. పోయిన గొడుగు కోసం నాలుగు రోజులు పదకొండు మందిని ప్రశ్నించారు. అయిదో రోజు వాన పడితే తన సంచీలోంచే తీసి వేసుకుని ఇంటికి వెళ్ళారు. రెండోది టీలో విషం కేసు. అది విషం కాదు, ఫ్లాస్కు కడిగిన సబ్బు. రెండింటినీ ఆయన విజయాల కిందే లెక్క వేసుకున్నారు.

"ఇప్పుడు కేసు వివరాలు చెప్పు. ఒక్క ముక్క దాచినా నాకు తెలిసిపోతుంది."

"పొద్దున్నే అంతా చెప్పాను కదా బావగారూ."

"పొద్దున్న చెప్పింది మీ బావకి. ఇప్పుడు చెప్పేది డిటెక్టివుకి."

ఆమె నిట్టూర్చి మళ్ళీ మొదలుపెట్టింది.

ఏ యూనిఫాం కుట్టాలన్నా ముందు దాని నమూనా కావాలి. నర్సు గౌను, డ్రైవరు చొక్కా, వంటవాడి కోటు, ఇలా రెండు వందల పన్నెండు నమూనాలు కంప్యూటర్లో రెండు వందల పన్నెండు ఫైళ్ళుగా ఉన్నాయి. కటింగు మాస్టరు కావలసిన పేరు చూసుకుని పంపితే, పక్కనున్న మెషీను దాన్ని నిలువెత్తు కాగితం మీద గీసి ఇస్తుంది. ఆ గీత వెంట గుడ్డ కోస్తారు.

నల్ల తెర మీద ఎల్, ఎస్ అని రెండక్షరాలు కొట్టడం, ఫైళ్ళ పేర్ల జాబితా రావడం మాస్టర్లకి ఏళ్ళ నాటి అలవాటు. పాత కంప్యూటరు పోయిన నెల కన్నుమూసింది. కొత్తదాంట్లో ఆ ప్రోగ్రాం నడవదు. బొమ్మల మీద నొక్కి ఫైళ్ళు వెతుక్కోమంటే మాస్టర్లిద్దరూ మొహం తిప్పుకున్నారు. దాంతో మేడమ్, అంటే యజమానురాలు, ఆ పాత ప్రోగ్రామునే కొత్త కంప్యూటర్లోకి తెచ్చి పెట్టమని, అక్కడ కంప్యూటరు పని చూసే మరదలికి చెప్పింది. దాన్ని పోర్టింగ్ అంటారు. ఇల్లు మారడం లాంటిది. సామానంతా చేరినట్టే ఉంటుంది. ఏది పగిలిందో మూట విప్పితే గానీ తెలియదు.

మరదలు రెండు వారాలు కూర్చుని పాత ప్రోగ్రామును కొత్త భాషలో తిరగరాసింది. కీబోర్డు పై వరసలో మొదటి మీట ఒక్కటి నొక్కితే జాబితా వచ్చేటట్టు కూడా చేసింది. సోమవారం తన కుర్చీలో కూర్చుని పరీక్షించింది. పేర్లన్నీ నాలుగు నిలువు వరసల్లో బుద్ధిగా నిలబడ్డాయి.

మంగళవారం ఉదయం పెద్ద మాస్టరు జాబితా తీశారు. వాచ్‌మన్ కోటు లేదు. వెల్డర్ ఏప్రాన్ లేదు. ఒక కర్మాగారం సరిగ్గా ఆ రెండే కుట్టమని ఆర్డరు పంపింది. మధ్యాహ్నం చిన్న మాస్టరు డ్యూటీకి వచ్చి అదే కంప్యూటర్లో అదే మీట నొక్కితే రెండూ ఉన్నాయి. బుధవారం ఉదయం మళ్ళీ లేవు. మధ్యాహ్నం మళ్ళీ ఉన్నాయి.

ఇవాళ గురువారం. పొద్దున్న ఎనిమిదింటికి మేడమ్ తనే వచ్చి పెద్ద మాస్టరు వెనక నిలబడింది. తెర మీద ఆయన తీసిన జాబితా ఉంది. అందులో రెండూ లేవు. మేడమ్ చెయ్యి చాపి మీట నొక్కింది. రెండూ వచ్చాయి.

"మీరు చూస్తే పోయి, నేను చూస్తే వస్తాయా మాస్టారూ?"

ఎదురు వీధిలోని పోటీ వర్క్‌షాపు అద్దాల వెనక అచ్చం ఇలాంటి వాచ్‌మన్ కోటే వేలాడుతోందని మేడమ్ చెప్పింది. అలాంటి కాలరు, అలాంటి జేబులు. ఎవరో ఫైళ్ళు తీసి, బయట చూపించి, మళ్ళీ పెడుతున్నారని చెప్పింది. ఎవరని చెప్పలేదు. తరవాత మరదలి వైపు తిరిగింది.

"నీ ప్రోగ్రాంలో తప్పేమైనా ఉందా?"

"లేదు మేడమ్. నేను పరీక్షించాను."

"అయితే రేపు తొమ్మిదింటికల్లా ఇది తేలాలి మాస్టారూ. తేలకపోతే ఎల్లుండి నుంచి మీరు రానక్కర్లేదు."

పెద్ద మాస్టరు ఇరవై ఆరేళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడ్డ మనిషి. ఆ బల్లకి ఎత్తు తక్కువని కాళ్ళ కింద ఇటుకలు పెట్టింది కూడా ఆయనే.

"ఆపు," అన్నారు బావగారు. చొక్కా చిరిగి విడుదలై, పూర్తిగా లేచారు. "మొదటి అనుమానితురాలివి నువ్వే. నీ ప్రోగ్రాంలో తప్పుందా?"

"లేదు."

"ఆధారం?"

"రాసింది నేనే."

"చాలు. సాక్ష్యం బలంగా ఉంది."

ఆమెకి ఆ మాట హాయిగా అనిపించింది. హాయిగా అనిపించకూడని మాట అది. రెండు వారాలు రాసిన ప్రోగ్రామును ఒక్క కుర్చీలోంచి ఒక్క పూట చూసి సరే అనుకున్న మనిషి ఆమె. దొంగ దొరికితే తన పని మీదికి మాట రాదు. అందుకే బావగారిని ఆపలేదు.

"పోయినవి ఏవి? వాచ్‌మన్, వెల్డర్. ఈ రెండే ఎందుకు పోయాయి? నర్సు ఎందుకు పోలేదు? వంటవాడు ఎందుకు పోలేదు?" బావగారు గదిలో అటూ ఇటూ నడిచి, గొంతు తగ్గించారు. "గుండె గట్టి చేసుకుని విను. ఒకడు వాచ్‌మన్ కోటు వేసుకుని గేటు దగ్గర నిలబడతాడు. ఎవరికీ అనుమానం రాదు. ఇంకొకడు వెల్డర్ ఏప్రాన్ కట్టుకుని లోపలికి వెళతాడు. లోపల ఏముంది?"

"ఏముంది?"

"ఇనప్పెట్టె! బ్యాంకు దోపిడీ అమ్మా ఇది! మన కంప్యూటర్లో చీకటి సామ్రాజ్యం వేళ్ళు తన్నింది!"

"దోపిడీ చేసేవాడు కోటు కొనుక్కోడా బావగారూ? నమూనా ఎత్తుకెళ్ళి, గుడ్డ కొని, కోసి, కాజాలు కుట్టుకుని మరీ దోచుకుంటాడా?"

"ఓపికున్న ముఠా," అన్నారు బావగారు భయంగా. "అలాంటివాళ్ళే ప్రమాదం."

చిన్న మాస్టరు టీ తాగి గదిలోకి వచ్చాడు. బావగారు అతని దారికి అడ్డంగా నిలబడ్డారు.

"మధ్యాహ్నం నీకు ఆ ఫైళ్ళు కనిపిస్తున్నాయా?"

"కనిపిస్తున్నాయి సార్."

"ఎందుకు కనిపిస్తున్నాయి?"

చిన్న మాస్టరు కాసేపు ఆలోచించాడు. "ఉన్నాయి కాబట్టి సార్."

"ఇంత తెలివైన సమాధానం తప్పు చేసినవాడికే వస్తుంది. నా అనుమతి లేకుండా ఎక్కడికీ వెళ్ళకు."

"బాత్రూంకి?"

"వెళ్ళు. తొందరగా రా."

తరవాత గేటు దగ్గర వాచ్‌మన్‌ని పట్టుకున్నారు. "ఈ కోటు నీకు ఎవరిచ్చారు?" అని గద్దించారు. "మీరే ఇచ్చారు కదండీ, సంతకం కూడా పెట్టించుకున్నారు," అన్నాడు వాచ్‌మన్. ఆ సంతకాన్ని రిజిస్టర్లో చూసి, అందరూ కలిసి తనని ఇరికించే ప్రయత్నం చేస్తున్నారని బావగారు నోట్‌బుక్కులో రాసుకున్నారు.

ఇక మిగిలింది వెల్డరు. పక్క వీధిలో కిటికీ చువ్వలు అతికే వెల్డరు ఒకడు ఉన్నాడు. వాడి మీద నిఘా వేయడానికి బావగారు ఎదురుగా అరుగు మీద కూర్చుని, నిప్పురవ్వల మధ్య ఆ మనిషినే అరగంట సేపు రెప్ప వేయకుండా చూశారు. వెల్డరు ముసుగు ఎత్తి, "అటు చూడకండి సార్, కళ్ళు పోతాయి," అని రెండు సార్లు చెప్పాడు. బావగారు దాన్ని బెదిరింపు కింద రాసుకున్నారు.

సాయంత్రం ఆరింటికి అక్క ఫోను చేసింది.

"ఏమే, మీ బావ కళ్ళు చూశావా? పండు మిరపకాయల్లా ఉన్నాయి. ధారగా నీళ్ళు. ఏడుస్తున్నారా అంటే, 'నిజం మండుతుంది' అంటున్నారు."

"వెల్డింగు చూశారక్కా. చల్లటి నీళ్ళతో గుడ్డ వెయ్యి. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు."

"గుడ్డ వేస్తే నిఘాకి అడ్డమంటున్నారు. నువ్వైనా చెప్పవే."

"నువ్వు పద్నాలుగేళ్ళు చెప్పావు కదా. వింటే నీ మాటే వినేవారు."

శుక్రవారం ఉదయం ఆరున్నర. పెద్ద మాస్టరు రావడానికి ఇంకా అరగంట ఉంది. కటింగు గదిలో మనిషంత బొమ్మలు మూడు ఉన్నాయి. తలలు లేని ఛాతీ బొమ్మలు, దుమ్ము పడకుండా పైన దుప్పట్లు కప్పి ఉంటాయి. బావగారు వాటి మధ్య నాలుగో బొమ్మగా నిలబడ్డారు. ఒంటి మీద పాత వాచ్‌మన్ కోటు, తల మీద దుప్పటి.

"కాళ్ళు కనిపిస్తున్నాయి బావగారూ. బొమ్మలకి కాళ్ళుండవు. కర్ర ఉంటుంది."

"నేరస్తుడు పై నుంచి చూసుకుంటూ వస్తాడు. కాళ్ళ దాకా వచ్చేసరికి నేను పట్టేసుకుంటాను."

"కళ్ళు ఎలా ఉన్నాయి?"

"మూసుకునే ఉన్నాను. చెవులతో చూస్తాను. నువ్వు ఆ ట్రయల్ రూంలో దాక్కుని సాక్షిగా ఉండు. నేను దూకగానే లైటు వెయ్యి."

"లైటు వేసే ఉంది."

"అయితే చప్పట్లు కొట్టు."

ఆమె వెళ్ళి తెర వెనక నిలబడింది. ఆ క్షణంలో కూడా ఎవరైనా దొంగ వస్తే బాగుండునని కోరుకుంది.

ఏడింటికి అయిదు నిమిషాలు ఉండగా పెద్ద మాస్టరు వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విడిచారు. గది చుట్టూ ఒకసారి చూశారు. నాలుగు బొమ్మల మీదుగా ఆయన చూపు జారిపోయింది, ఎక్కడా ఆగలేదు. తలుపు దగ్గరికి మళ్ళీ వెళ్ళి, నడవాలో ఎవరూ లేరని చూసుకుని వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నారు.

మరదలు ట్రయల్ రూం తెర అంచు కొంచెం పక్కకి తీసి చూసింది.

ఆయన రెండు వేళ్ళు కీబోర్డు మీద పెట్టి నొక్కారు. తెర మీద అక్షరాలు పెద్దవయ్యాయి. మళ్ళీ నొక్కారు. ఇంకా పెద్దవయ్యాయి. అప్పటికీ ఆయన ముక్కు తెరకి ఆనేటంత దగ్గరగా వంగారు. పై వరసలో మొదటి మీట వేలితో తడిమి నొక్కారు. జాబితా వచ్చింది. చివరి దాకా చదువుకున్నారు. భుజాలు జారిపోయాయి. ఈ పూట కూడా రెండూ లేవు.

మరదలికి మొదట ఒక్కటే అర్థమైంది. పెద్ద మాస్టరుకి కళ్ళు సరిగ్గా కనిపించడం లేదు. ఎవరికీ తెలియకుండా ఆయన పొద్దున్నే అక్షరాలు పెద్దవి చేసుకుంటున్నారు. అడుగుల చప్పుడు వినపడితే చిన్నవి చేసేస్తున్నారు. ఆ వర్క్‌షాపులో చూపు తగ్గిన మాస్టరుని బల్ల దగ్గర ఉంచరు. అంతకుముందున్నాయన్ని గుండీలు లెక్కపెట్టడానికి పంపేశారు. ఆయన ఆరు నెలలు లెక్కపెట్టి మానేశారు.

పెద్ద మాస్టరు లేచారు. "మాయదారి పెట్టె," అనుకున్నారు పైకే. "నిన్ను నమ్ముకుంటే అయినట్టే. అట్ట మీద గీసుకుంటాను, అదెక్కడికి పోతుందో చూస్తాను."

సొరుగులోంచి అట్ట తీశారు, గుండుసూదుల డబ్బా తీశారు. పాత కోటు నుంచి కొలత పట్టుకోవడానికి అది తొడిగి ఉన్న బొమ్మ దగ్గరికి వెళ్ళారు. కాలరు పట్టుకుని సర్ది మొదటి సూది గుచ్చారు. బొమ్మ కదలలేదు. రెండో సూది భుజం కుట్టు మీద గుచ్చారు. బొమ్మ కొంచెం వణికింది. పెద్ద మాస్టరు దాన్ని నడుం దగ్గర పట్టుకుని నిటారుగా నిలబెట్టారు.

మూడో సూది కోటు దాటి వెళ్ళింది.

"అమ్మో! చంపేశాడు!"

దుప్పటితో సహా బావగారు గాల్లోకి లేచారు. పెద్ద మాస్టరు కేక వేసి వెనక్కి దూకారు. దూకిన మనిషి చేసిన మొదటి పని ప్రాణం కాపాడుకోవడం కాదు. చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళి అక్షరాలు చిన్నవి చేసేసింది. నాలుగు రోజుల భయం ఆ చేతికి నేర్పిన అలవాటు అది. దుప్పట్లో కళ్ళు కనపడని బావగారు బల్లకి తగిలి, తూలి, మోచెయ్యి ఊతం కోసం కీబోర్డు మీద పడ్డారు. పై వరసలో మొదటి మీట మీద.

మరదలు తెర తోసుకుని బయటికి వచ్చింది.

"చప్పట్లు కొట్టు! దొరికాడు!" అని దుప్పట్లోంచి బావగారు అరుస్తున్నారు. "నేను దొరకలేదు కదా? ఎవరు దొరికారు?"

ఆమె కంప్యూటరు వైపు చూస్తూ ఉండిపోయింది. తెర మీద ఇప్పుడు రెండు జాబితాలు ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి. పైది అక్షరాలు పెద్దగా ఉన్నప్పుడు వచ్చింది, మూడు నిలువు వరసలే పట్టాయి. అక్షరాలు చిన్నవయ్యాక కూడా ఆ పేర్లు అలాగే ఉండిపోయి, కుడి పక్క తెర బోసిగా ఉంది. కిందది మోచెయ్యి తీసింది, నాలుగు నిలువు వరసలు. పైదాని చివర వాచ్‌మన్, వెల్డర్ లేవు. కిందదాని చివర ఉన్నాయి.

చివర. ఇంగ్లీషు అక్షర వరసలో డబ్ల్యూతో మొదలయ్యే ఈ రెండూ జాబితాలో ఆఖరి పేర్లు. ఎవరైనా దొంగ ఆఖరి రెండే ఎందుకు ఎత్తుకెళతాడని నాలుగు రోజుల్లో ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.

రెండు వందల పన్నెండుని నాలుగు వరసలకి పంచితే వరసకి యాభై మూడు. శేషం లేదు. మూడు వరసలకి పంచితే వరసకి డెబ్భై. శేషం రెండు. పాత ప్రోగ్రాంలో శేషం మిగిలితే వరసకి ఒకటి పెంచమని ఉంది. కొత్త భాషలో తను రాసిన భాగహారం ఆ రెండింటినీ చప్పుడు లేకుండా పారేసింది. ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉన్నాయి. జాబితా వాటి పేర్లు చెప్పడం మానేసింది, అంతే.

"మాస్టారూ," అంది. "ఎవరూ తియ్యలేదు. తప్పు నా ప్రోగ్రాంలో ఉంది."

పెద్ద మాస్టరు నేల మీద పడ్డ సూదులు ఏరుకుంటున్నారు. తల ఎత్తలేదు. "ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ."

మేడమ్ ఆ రోజు ఏడుంపావుకే వచ్చింది. గేటులో టైంకీపరు లేడు, కటింగు గదిలో అరుపులట, అని విని నేరుగా లోపలికి వచ్చింది. దుప్పటి మెడకి చుట్టుకుని, కోటు నిండా సూదులతో నిలబడ్డ బావగారిని కింది నుంచి పై దాకా చూసింది.

"ఏమిటిది?"

"కేసు తేలింది మేడమ్!" అన్నారు బావగారు.

"తప్పు నాది మేడమ్," అంది మరదలు. చెప్పింది. వరసలు, భాగహారం, శేషం. మేడమ్ ముందు ఆమే మీట నొక్కి చూపించింది, చిన్న అక్షరాల్లో ఒకసారి, పెద్ద అక్షరాల్లో ఒకసారి. ఉన్నాయి, లేవు. మేడమ్ తెలివి తక్కువ మనిషి కాదు. రెండో నిమిషంలోనే అర్థం చేసుకుంది.

"మరి ఎదురు షాపులో కోటు?"

"వాచ్‌మన్ కోట్లన్నీ అలాగే ఉంటాయి మేడమ్. మన గేటు దగ్గరున్న కోటు కూడా అలాగే ఉంది."

"సరే. అక్షరాలు పెద్దవి చేస్తేనే పోతాయన్నావు. ఈయన డ్యూటీలోనే ఎందుకు పోయాయి? పెద్దవి ఎవరు చేశారు?"

పెద్ద మాస్టరు చేతిలో సుద్దముక్క ఉంది. దాన్ని బల్ల మీద పెట్టారు. మళ్ళీ తీసుకున్నారు.

"నేనే," అంది మరదలు. "పొద్దున్న పూట పరీక్షలు చేసి అలాగే వదిలేసి వెళ్ళాను."

"నాలుగు రోజులూ?"

"నాలుగు రోజులూ."

"నిన్న నేను అడిగితే తప్పు లేదన్నావు."

"అన్నాను."

"ఆ మాట మీద నేను ఈయన్ని దొంగలా నిలబెట్టాను." మేడమ్ గొంతు పెద్దది చెయ్యలేదు. "మాస్టారూ, పొరపాటు నాది కూడా. క్షమించండి. నువ్వు మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు అందరూ ఉండగా ఇదంతా మళ్ళీ చెప్పు. ఎవరి తప్పో పేరు పెట్టి చెప్పు. సాయంత్రం లోపల సరిచెయ్యి."

బావగారు ముందుకి వచ్చారు. "మేడమ్, నేరస్తురాలు నా సొంత మరదలని నాకు మొదటి నుంచీ అనుమానమే. మొట్టమొదట ప్రశ్నించింది కూడా ఆమెనే. రక్త సంబంధం చూసుకుంటే మా వృత్తిలో కుదరదు."

"రక్త సంబంధం కాదు, అక్క మొగుడు మీరు," అంది మరదలు.

"అందుకే ఇంకా తేలిగ్గా పట్టుకోగలిగాను."

"మీరు గేటు దగ్గరికి వెళ్ళండి," అంది మేడమ్. "ఇవాళ ఎవరు ఎప్పుడు వచ్చారో ఒక్కరి పేరూ రాసి లేదు."

మేడమ్ వెళ్ళిపోయింది. మరదలు పెద్ద మాస్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన కోటులోంచి సూదులు తీస్తున్నారు. కోటు ఇంకా బావగారి ఒంటి మీదే ఉంది. ప్రతి సూదికీ బావగారు కళ్ళు గట్టిగా మూసుకుంటున్నారు.

"నా కోసం అబద్ధం ఆడమని నేను అడగలేదు," అన్నారు పెద్ద మాస్టరు.

"తప్పు నాదే కదా మాస్టారూ."

"తప్పు నీదే. అది వేరే మాట. నా కళ్ళ సంగతి నేను చెప్పుకుంటాను. ఎప్పుడు చెప్పుకోవాలో నాకు తెలుసు." ఇంకో సూది లాగారు. "నిన్న మేడమ్ అడిగినప్పుడు నువ్వు ఒక్క మాట అనాల్సింది. 'మళ్ళీ చూస్తాను మేడమ్' అని. అది నోటికి రాలేదు. ఇవాళ అబద్ధం మాత్రం చక్కగా వచ్చింది."

ఆమె వెళ్ళి కూర్చుని ప్రోగ్రాం తెరిచింది. సరిచేయాల్సింది ఒకే ఒక్క పంక్తి. పావుగంట పట్టింది. పరీక్షించడానికి రెండున్నర గంటలు తీసుకుంది. ఈసారి తన కుర్చీలో కాదు, ఆయన కుర్చీలో. అక్షరాలు ఎన్ని సైజుల్లో వస్తాయో అన్ని సైజుల్లో.

మధ్యాహ్నం ఒంటిగంటకి షిఫ్టు మారేటప్పుడు నలభై మంది ముందు నిలబడి చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ ఎవరి మెషీన్ల దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయాక పెద్ద మాస్టరుని కటింగు గదిలోకి పిలిచింది.

"సరిచేశాను మాస్టారూ. ఒకసారి చూస్తారా?"

డ్యూటీ అయిపోయిన మనిషి, సంచీ భుజానికి తగిలించుకుని ఉన్నారు. సంచీ దించి కూర్చున్నారు. ఆమె ఎదుటే రెండు వేళ్ళు కీబోర్డు మీద పెట్టి అక్షరాలు పెద్దవి చేశారు. మీట నొక్కారు. మూడు వరసలు. చివర వాచ్‌మన్, వెల్డర్ ఉన్నాయి.

ఆమె ఆయన సంచీ తీసి అందించబోయింది.

ఆయన లేవలేదు. ఇంకా పెద్దవి చేశారు. రెండు వరసలు. చివరికి వెళ్ళి చూశారు. ఇంకా పెద్దవి చేశారు. ఒక్కటే నిలువు వరస, వేలెడంత అక్షరాలు. మొదటి పేరు దగ్గరికి వెళ్ళి చూపుడువేలు తెర మీద ఆనించారు.

"ఒకటి," అన్నారు. "రెండు. మూడు."

"మాస్టారూ, మొత్తం లెక్కపెట్టక్కర్లేదు. నేను..."

"నాలుగు. అయిదు."

ఆమె నోరు మూసుకుని పక్కన నిలబడింది. వేలు ఒక్కో పేరు మీద ఆగి కిందికి జరుగుతోంది. చిన్న మాస్టరు వచ్చి, చూసి, చప్పుడు చెయ్యకుండా బొమ్మల దగ్గర నిలబడ్డాడు. యాభై అయింది. వంద అయింది. ఆమె కాళ్ళు లాగుతున్నాయి. కూర్చోవడానికి కుర్చీ ఉంది. కూర్చోబుద్ధి కాలేదు. నూట యాభై. నూట ఎనభై.

"నూట ఎనభై తొమ్మిది. నూట తొంభై."

తలుపు ధడాలున తెరుచుకుంది. "అందరూ వినండి!" అన్నారు బావగారు, ఎర్ర కళ్ళతో, చేతిలో నోట్‌బుక్కుతో. "ఈ కేసుని నేను ఎలా ఛేదించానో మొత్తం రాశాను! పదహారు పేజీలు వచ్చాయి!"

పెద్ద మాస్టరు వేలు తెర మీద నుంచి లేచింది. కళ్ళు చికిలించి చూశారు. పేర్లన్నీ ఒక్కలాగే కనిపించాయి.

"ఎంతలో ఉన్నాను?"

"నూట తొంభై మాస్టారూ," అంది మరదలు గబగబా. "నేను కూడా లెక్కపెడుతూనే ఉన్నాను."

ఆయన తల తిప్పి ఆమె మొహంలోకి చూశారు.

"నీ లెక్క నాకు వద్దమ్మా," అన్నారు.

మళ్ళీ పైకి వెళ్ళి, మొదటి పేరు మీద వేలు పెట్టారు.

"ఒకటి."